ఎగిరే పన్ను

పగలంతా ఎవరివో పళ్ళు చేస్తాను
పురసవాక్కంలో, మేడమీది ల్యాబులో.
మైనం, ప్లాస్టరు, గులాబిరంగు చిగుళ్ళ పిండి,
డాక్టర్లు పంపే చీటీల మీద రంగుల నెంబర్లు:
ఏ-టూ, ఏ-త్రీ, బీడీలు కాల్చేవాళ్ళకి సీ-ఫోర్.
నేను చేసిన నవ్వులు
నాకు చాలామటుకు కనబడవు.

రాత్రి పదింటికి వంటగట్టు తుడిచి
పాత టవలు పరిచి
దీన్ని బోర్లా పడుకోబెట్టాను.
రిచీ స్ట్రీటు వెనక సందులో
తూకానికి పోయే గుట్టలోంచి లాగిన వీడియో గేము.
"ఇదు ఓడాదు మ్మా" అన్నాడు నైనార్ భాయ్.
నడవదని ఆయన అరవంలో చెప్పాడు,
ఓడిపోదని నేను తెలుగులో విన్నాను.
మూడొందల యాభై. బేరం కూడా ఆడలేదు.

ఐదు మరలు. ఒకదాని తల అరిగిపోయింది.
రబ్బరుబ్యాండు ముక్క అడ్డంపెట్టి
ఊపిరి బిగబట్టి తిప్పితే
ఎన్నేళ్ళ నించి కరుచుకునుందో ఆ దవడ,
కిర్రుమని తెరుచుకుంది.

లోపల ఎండిన బొద్దింక గుడ్లు,
ఒక పావలా, ఏలక్కాయ తొక్క (ఎలా దూరిందో!),
పొట్ట ఉబ్బిన కెపాసిటర్లు రెండు.
క్యాసెట్టు దిగేచోట అరవై పిన్నులు,
రెండు వరసలు,
కింది వరసలో తొమ్మిదోది లోపలికి వాలిపోయి.
ఇది నాకు తెలిసిన రోగమే.

అడుగున ఒక నీలం తీగ.
నాకంటే ముందు ఈ నోట్లో చెయ్యిపెట్టినవాడెవడో
తెగిన దారికి అడ్డంగా అతికించి
పైన ఎర్రటి గోళ్ళరంగు చుక్క వేశాడు.
వికారంగా ఉంది.
తీసేసి కొత్తది వేద్దామని పట్టకారుతో కదిపాను.
కదల్లేదు.
ఉండనీ.

గుగ్గిలం పొగ. కింద నీళ్ళ లారీ,
బిందెల కొట్లాట, ఎవరో ఎవరినో తిట్టే తిట్టు
సగం తమిళం, సగం మనదే.
కొత్త కెపాసిటర్లు రెండూ అతికాయి.
కంట్రోలరుకి వెనక డొప్ప లేదు,
చిగుళ్ళ పిండితో పోత పోసుకొచ్చాను ల్యాబులో.
పట్టుకుంటే ఎవరి నోరో పట్టుకున్నట్టుంటుంది.
నాకు నచ్చింది.

ఎగిరే మీట ఉండాల్సిన చోట గుంట.
కొత్తది పన్నెండు రూపాయలకి దొరుకుతుంది.
కానీ సొరుగులో ఓ దవడపన్ను ఉంది, ఏ-వన్,
మా ఇంటి ఓనరు వరదయ్య నాయుడు గారు
"మరీ తెలుపమ్మే, పెళ్ళికొడుకు మాదిరి ఉండాను"
అని వెనక్కిచ్చిన సెట్టులోది.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు కదా,
మీట చేసుకోడానికి ఏ పన్నైతేనేం.
అంచులు గుండ్రంగా అరగదీసి
అడుగున సైకిలు ట్యూబు ముక్క అంటించాను.

స్విచ్చి వేశాను.
ఇల్లంతా చీకటి.

"ఏం చేస్తా ఉండావమ్మే ఈ అర్ధరాత్రి"
టార్చీతో ఎక్కొచ్చాడు ఆయన.
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు ఫిట్టరు.
ఫ్యూజు వేసి, పోకుండా,
టవలు మీదికి వంగి
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
సరిగ్గా ఆ నీలం తీగనే చూశాడు.
"ఎవుడో పనోడు" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

రెండోసారి టీవీలో బూడిదరంగు చారలు,
తర్వాత మరీ ఎక్కువైన ఆకుపచ్చ,
గుంట అంచున నిలబడ్డ చిన్న మనిషి.
కంట్రోలరు ఆయన చేతికిచ్చాను.
బొటనవేలు మీట మీద ఆగింది.
"ఇదేంది, పన్ను మాదిరి ఉండాదే?"
"మీదే."

ఆయన నవ్వితే, ఏ-త్రీ,
ఎదురుగా, వంటింటి బల్బు కింద చూశాను:
ఎడమవైపు కోరపన్ను ఒక వెంట్రుకవాసి ఎత్తు.
నాదే తప్పు.

ఏడుసార్లు గుంటలో పడ్డాడు.
ఎనిమిదోసారి ఎక్కడ ఆపాడో అక్కడినించి మొదలవుతుందా
అని అడిగాడు. కాదు, దీంట్లో దాచుకోడం లేదు,
మళ్ళీ మొదట్నించే అన్నాను.
"సరే పో" అని
ఒత్తుతోందని పళ్ళసెట్టు తీసి టవలు మీద పెట్టాడు,
బిగించడం మర్చిపోయిన ఐదో మర పక్కన.
బోసినోటితో ఏదో అడిగాడు.
రేపు అరగదీస్తానులెండి అన్నాను.
ఆయన వినలేదు,
ఎగురుతున్నాడు.